పరాగనాళంలో ఆమ్లత: కారణమా, పర్యవసానమా?

కణధ్రువణతలో అంతర్గత ఆమ్లత పాత్రను చర్చించడానికి లిల్లీ పరాగనాళం చక్కని ఉదాహరణ. ఈ కణం కొన వద్ద మాత్రమే పెరుగుతుంది. అయినా దీనిపై వెలువడిన నిర్ధారణలు పరస్పర విరుద్ధాలు. లిల్లీ పరాగనాళపు అగ్రవృద్ధికి పీహెచ్ ప్రవణతతో సంబంధం లేదని 1997లో ఫ్రికర్ బృందం తేల్చింది. వృక్ష, శిలీంధ్ర కణాల అగ్రవృద్ధికి తీవ్రమైన ప్రవణత అనివార్యం కాదని అదే ఏడాది పార్టన్ బృందం పేర్కొంది. 1999లో ఫెయిజో బృందం మాత్రం నాళపు కొనలో 6.8, దాని వెనుక ఉన్న క్షార పట్టీలో 7.5 పీహెచ్‌ను నమోదు చేసింది. పీహెచ్ సంవర్గమాన మాపకం కనుక ఈ 0.7 తేడాకు అర్థం ప్రోటాన్ల గాఢతలో అయిదు రెట్ల వ్యత్యాసం.

ఈ వైరుధ్యాన్ని అంచనా వేయడంలో కొలిచే సాధనాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ప్రతిదీప్తి రంజకం పీహెచ్‌ను చూపడంతో ఆగదు. తానే ప్రోటాన్లను పట్టుకొని కణద్రవ్యంలో మోసుకుపోతుంది. మోతాదు పెరిగితే, కొలవదలచిన ప్రవణతనే అది చెరిపివేయగలదు. కాబట్టి ప్రవణత కనబడకపోవడం అది లేదనడానికి నిదర్శనం కాదు.

అయితే ప్రవణత ఉన్నంత మాత్రాన అదే ధ్రువణతకు కారణమనడమూ తొందరపాటే. ఫెయిజో బృందం పరిశీలనలోనే పెరుగుదల ఆగినప్పుడు కొనలోని ఆమ్లత మాయమైంది. క్షార పట్టీ మాత్రం నిలిచింది. అంటే కొనలోని ఆమ్లత పెరుగుదలకు పర్యవసానం కావచ్చు. వృద్ధివేగం పెరగడానికి ముందే క్షారత పెరుగుతుందని 2006లో లోవీ-వీలర్ బృందం చూపింది. క్షార స్థితిలో చురుకయ్యే ప్రోటీన్ల ద్వారా అది ఆక్టిన్ తంతువులను నియంత్రిస్తుండవచ్చని ప్రతిపాదించింది. ఇది బలమైన ఆధారమే. కానీ ముందు రావడం, కారణం కావడం ఒకటి కావు.

జన్యు ఆధారాలకూ పరిమితి ఉంది. అరాబిడాప్సిస్ పరాగనాళాలలో మూడు ప్రోటాన్ పంపులను తొలగిస్తే పెరుగుదల, ఫలదీకరణ దెబ్బతింటాయని 2020లో వెల్లడైంది. కానీ అప్పుడు పీహెచ్‌తో పాటు త్వచ విద్యుత్ విభవం, ఆక్టిన్ అమరిక కూడా మారాయి. కాబట్టి దోషం దేనిదో విడదీయలేం. పైగా పొగాకు పరాగనాళంలో కొన వద్ద కనిపించని పంపు, దాని వెనుక భాగపు త్వచంలో ఉంటుంది. పంపును పూర్తిగా తొలగించే ప్రయోగం దాని స్థానానికి ఉన్న ప్రాధాన్యాన్ని పరీక్షించలేదు.

కనుక ప్రస్తుత ఆధారాలను బట్టి అంతర్గత ఆమ్లత అగ్రవృద్ధిని సమన్వయపరుస్తుందని చెప్పవచ్చు. ధ్రువణతను నిర్ణయిస్తుందని చెప్పలేం. అందుకు త్వచ విభవాన్ని మార్చకుండా, కణంలో ఒక్కచోట మాత్రమే పీహెచ్‌ను మార్చి, నాళం దిశ మారుతుందో లేదో చూడాలి. తరగతి గదిలోనూ పరిశోధన పత్రంలోనూ ఈ రెండు క్రియాపదాల మధ్య తేడాను పాటించడం శాస్త్రీయ బాధ్యత.