మానేరు మీద గర్డర్లు, ఎనుమాములలో ధరలు

2024 ఏప్రిల్ 22 రాత్రి గాలి దుమారం లేచి, మానేరు మీద సగంలో ఆగిపోయి ఉన్న వంతెన గర్డర్లు ఇసుకలో కూలాయి. వంతెనకు ఒక ఒడ్డున పెద్దపల్లి జిల్లా ముత్తారం మండలం ఓడేడు, రెండో ఒడ్డున భూపాలపల్లి జిల్లా టేకుమట్ల మండలం గర్మిళ్లపల్లి. పనులు మొదలైంది 2016లో. ఎనిమిదేళ్లయినా పూర్తి కాకపోవడంతో జనం వంతెన కిందుగా, ఏటి ఇసుకలో వేసుకున్న మట్టి దారినే వస్తూ పోతూ ఉండేవారు. గర్డర్లు పడ్డ క్షణంలో కింద ఎవరూ లేరు కాబట్టి ప్రాణాలు దక్కాయి.

గాలికి వంతెన పడిపోవడమేమిటని ఆ వారమంతా ఫోన్లలో నవ్వులాట నడిచింది. టేకుమట్ల వాళ్లకు అది నవ్వే విషయం కాదు. అయినా అడగాల్సిన ప్రశ్నే. వందల క్వింటాళ్ల బరువుండే కాంక్రీటు దూలాన్ని గాలి ఎట్లా పడగొడుతుంది?

గర్డర్లను శాశ్వత బేరింగుల మీద కూర్చోబెట్టకుండా తాత్కాలికంగా చెక్క దిమ్మెల మీద నిలిపి ఉంచారని, ఏళ్ల తరబడి ఎండకూ వానకూ ఆ చెక్క పాడైందని అప్పట్లో వార్తలు వచ్చాయి. స్థితిస్థాపకత పాఠం చదివినవాళ్లు కాసేపు ఆగాల్సిన చోటు ఇదే. గర్డరు కింద ఉండాల్సింది నియోప్రీన్ రబ్బరు దిండు. రబ్బరు పొరలు, పలుచటి ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి అతికించిన ఆ దిండు పైబరువును మోస్తుంది, గర్డరును కొంచెం అటూ ఇటూ జరగనిస్తుంది, మళ్లీ ఉన్నచోటికి తెస్తుంది. వేడి 30 డిగ్రీలు పెరిగితే ముప్పై మీటర్ల గర్డరు సుమారు ఒక సెంటీమీటరు పొడుగవుతుంది. చలికాలం తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ మానేరు ఒడ్డున అంత తేడా మామూలే. చెక్క కూడా కొత్తలో ఆ పని కొంత చేస్తుంది. కానీ ఏళ్లపాటు బరువు కింద నలుగుతూ, తడుస్తూ, ఎండుతూ తిరిగి లేచే గుణాన్ని పోగొట్టుకుంటుంది. ఒక పక్క కుంగితే చాలు. పైన స్లాబు పడక, పక్క గర్డరుతో కట్టు లేక ఒంటరిగా నిలబడ్డ సన్నటి, ఎత్తైన దూలానికి ఆ తర్వాత గట్టి గాలి సరిపోతుంది.

రాబర్ట్ హుక్ 1678లో స్ప్రింగుల గురించి రాసిన చిన్న పుస్తకంలో ఈ సంగతికి లెక్క కట్టాడు. ఎంత బలంతో లాగితే అంత సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ఒక హద్దు దాటాక ఆ లెక్క చెల్లదని తర్వాతివాళ్లు తేల్చారు. ఇంటర్మీడియెట్ పిల్లలను ఏటా తికమకపెట్టే ప్రశ్న ఒకటుంది: ఉక్కు, రబ్బరు, రెండింట్లో దేనికి స్థితిస్థాపకత ఎక్కువ? జవాబు ఉక్కు. అంతే సాగుడుకు ఉక్కు ఎన్నో రెట్ల బలం అడుగుతుంది, అంతే బలంతో వెనక్కి లాగుతుంది.

ఆ వెనక్కి లాగే బలమే గర్డరు లోపల పనిచేస్తుంది. కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగితే పగుళ్లిస్తుంది. అందుకే గర్డరు పొడవునా గట్టి ఉక్కు తీగలను జాకీలతో లాగి, చివర్లలో బిగించి వదులుతారు. ముప్పై మీటర్ల తీగ అట్లా లాగితే దాదాపు 20 సెంటీమీటర్లు సాగుతుంది. వెనక్కి రావాలని చూసే ఆ తీగ బతికినంత కాలం కాంక్రీటును నొక్కి పట్టుకునే ఉంటుంది. ఫ్రెంచి ఇంజనీరు యూజెన్ ఫ్రేసినే దీనికి 1928లో పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు ఈ ప్రయత్నం చేసినవాళ్లలో చాలామంది మామూలు ఉక్కు వాడి విఫలమయ్యారు. ఎందుకో ఫ్రేసినేకు తన వంతెన చెప్పింది. అలియె నది మీద అతను కట్టిన వంతెన కమానులు నెలలు గడిచేకొద్దీ మెల్లగా కుంగిపోయాయి. బరువు కింద కాంక్రీటు ఏళ్ల తరబడి కుంచించుకుపోతూనే ఉంటుందని అతనికి అక్కడ అర్థమైంది. మామూలు ఉక్కులో నిలవుండే సాగుడు చాలా తక్కువ. కాంక్రీటు కుంచించుకునేసరికి అదంతా ఖర్చయిపోతుంది, తీగ వదులైపోతుంది. గట్టి ఉక్కును ఎక్కువ సాగదీస్తే, పోయేది పోగా ఇంకా మిగులుతుంది. ఆ మిగులు మీదే ఇవాళ దేశంలోని వేల వంతెనలు నిలబడి ఉన్నాయి.

టేకుమట్ల రైతుకు లేనిది ఆ మిగులే.

ఈ ప్రాంతం పత్తి, వరి, మిర్చి పండిస్తుంది. ఎర్రరంగుకు పేరున్న చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది పండే జిల్లాల్లో భూపాలపల్లి ఒకటి. పంట తీయడంలో ఇక్కడి రైతును వంక పెట్టడానికేమీ లేదు. అమ్ముకోవడం మాత్రం వేరే విద్య. ఆ విద్యలో మొదటి పాఠాన్ని ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లో తన అర్థశాస్త్ర గ్రంథంలో లెక్కగా చెప్పాడు: ధర నూటికి ఒక వంతు మారితే గిరాకీ నూటికి ఎన్ని వంతులు మారుతుంది? దాన్నే డిమాండ్ వ్యాకోచత్వం అంటారు. మిర్చికి అది బాగా తక్కువ. కిలో ధర రెట్టింపైనా కూరలో కారం సగానికి తగ్గదు. సగానికి పడిపోయిందని ఎవరూ రెండింతల కారం తినరు. అందుకే పంట కాస్త తగ్గితే ధర ఎగసిపోతుంది, కాస్త పెరిగితే కుప్పకూలుతుంది. గోధుమ పంట పదో వంతు తగ్గితే ధర పదింట మూడు వంతులు పెరుగుతుందని పదిహేడో శతాబ్దం చివర్లోనే ఇంగ్లండులో గ్రెగరీ కింగ్ పేరు మీద ఒక లెక్క ఉండేది. మిర్చి యార్డులో ఆ లెక్కను ఎవరికీ నేర్పక్కర్లేదు.

2016లో మంచి ధర చూసి ఆ వానాకాలం రైతులు మిర్చి వైపు మళ్లారు. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్లో ధర పడిపోయి కడుపు మండిన రైతులు కార్యాలయం మీద పడ్డారు. తర్వాత పదిమంది రైతులకు బేడీలు వేసి కోర్టుకు తీసుకెళ్లిన దృశ్యం తెలంగాణ మరిచిపోలేదు, మరిచిపోకూడదు. ఆ మే నెలలో కేంద్రం ప్రకటించిన కొనుగోలు ధర క్వింటాలుకు 5,000 రూపాయలు. ఆ మాత్రం ధరకు సర్కారు అడ్డం రావాల్సి వచ్చిందంటే బయట ఎంత పలికిందో ఊహించుకోవచ్చు. నాలుగేళ్లు తిరిగేసరికి నల్ల తామర పురుగు వచ్చి తోటలను నాకేసింది. 2022లో వరంగల్ ఎనుమాముల యార్డులో దేశీ మిర్చి క్వింటాలు 50,000 దాటింది. బంగారంతో పోటీ అని పత్రికలు రాశాయి. అమ్మడానికి కాయ ఉన్నవాళ్లు ఎందరు? తోట ఎండిపోయినవాడికి రికార్డు ధర పేపర్లో చదువుకోవడానికే పనికొచ్చింది. మళ్లీ 2025 ఫిబ్రవరికల్లా ఆంధ్రప్రదేశ్ మిర్చి కోసం కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించాల్సిన స్థితి వచ్చింది.

స్ప్రింగును లాగి వదిలితే ఉన్నచోటికి వస్తుంది. మిర్చి ధర కూడా కిందకీ పైకీ పోయి ఎప్పుడో ఒకప్పుడు నడిమికి వస్తుంది. కానీ ఆ ఊపులో అప్పు తీర్చడానికి అమ్మిన ఎకరం వెనక్కి రాదు. మార్షల్ కొలత ఎంత మారిందో చెబుతుంది, తిరిగి వస్తుందో రాదో చెప్పదు. ఇంజనీరు మాత్రం రెండోది తేలకుండా గర్డరు కింద చెయ్యి పెట్టడు. రైతు గురించి ఆలోచించేవాళ్లు ఈ రెండో సగాన్ని వదిలేస్తున్నారన్నదే ఈ కాలమ్ గోడు.

యార్డులో ఒక పొద్దు చూడాలి. బస్తాల మూతి విప్పి వరసగా నిలబెడతారు. ఖరీదుదారు లోపలికి చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయ తీసి పిడికిలి బిగిస్తాడు. పెళుసుగా విరిగి గింజ రాలితే ఎండు ఎక్కువైనట్టు. నలిగి అట్లాగే ముద్దగా ఉండిపోతే పచ్చి ఉన్నట్టు. పిడికిలి వదలగానే కాయ మెల్లగా విచ్చుకుని, ఊపితే లోపల గింజ గలగలమంటే పదును సరిగ్గా ఉన్నట్టు. తర్వాత తాలు కాయ ఎంతుందో చూస్తాడు. ఇదంతా ఒక్క బస్తాకు నిమిషం పట్టదు. ‘జెండా పాట ఎంత పలికిందే?’ అని వెనక వరసల్లోంచి అడుగుతారు. జెండా పాట ఆ పొద్దు వచ్చిన మేలైన సరుకుకు పలికే పై ధర. పేపర్లో అచ్చయ్యేది అదే. మిగతా బస్తాలు దానికి ఎంతో కిందనే పోతాయి. ఆటో కిరాయి పెట్టి, రాత్రంతా బస్తాల మీద పడుకుని వచ్చిన రైతు ‘ఇయ్యను’ అని సరుకు మళ్లీ ఎత్తుకుని టేకుమట్ల పోలేడు. ఆ సంగతి కొనేవాళ్లకు తెలుసు.

ఇయ్యను అనగలగడమే అమ్మేవాడి మిగులు. దానికి రెండు కావాలి. ఒకటి, ఇంకో మార్కెట్. మార్షల్ లెక్కలో గిరాకీ సాగే గుణం ప్రత్యామ్నాయాలను బట్టి ఉంటుంది. ఒక్క యార్డే దిక్కైన రైతుకు అక్కడ చెప్పిందే ధర. పరకాల, జమ్మికుంట, మంథని దారులు దగ్గరైతే ఏ ఒక్క చోటి ధరా అతన్ని కట్టిపడేయలేదు. మానేరు వంతెనను రోడ్డు పనిగా చూడడం అందుకే తప్పు. అది పూర్తయి ఉంటే టేకుమట్ల వైపు మంథని, ఓడేడు వైపు పల్లెలకు పరకాల, జమ్మికుంట దగ్గరయ్యేవి. ఎనిమిదేళ్లయినా పూర్తి కాని వంతెన ఇరు ఒడ్ల రైతుల బేరంలోంచి కూడా ఏళ్లు తీసేసింది.

రెండోది, కాలం. కోసిన పంటను ఆ రోజే అమ్మాల్సి వస్తే సరఫరా కదలదు, ధరే కదలాలి. ఆగగలిగితే సరఫరా కూడా కదులుతుంది. వరంగల్ చుట్టూ కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. మార్కెట్ కమిటీ గోదాములో సరుకు తాకట్టు పెట్టి, విలువలో నాలుగింట మూడొంతుల దాకా వడ్డీ లేని అప్పు తీసుకునే పథకం పాతదే. అందులో చేరేవాళ్లు తక్కువ, అందుకు కారణం రైతు అమాయకత్వం కాదు. వానాకాలంలో విత్తనానికీ మందులకూ అడ్తిదారు దగ్గర తెచ్చిన పైకానికి పంట అతని కాంటాకే రావాలి. కౌలు రైతుకైతే పొలం కాగితమే చేతిలో ఉండదు. కోల్డ్ స్టోరేజీలో పెడదామన్నా కిరాయి, హమాలీ, రవాణా ముందే కట్టాలి. ఏరిన కూలీలకు ఆ వారమే లెక్క తేల్చాలి. చేతిలో ఉన్న కొద్దిపాటి సాగుడు ఈ కోతలకే సరిపోతుంది, ధర కోసం ఆగడానికి ఏమీ మిగలదు.

కాబట్టి మొదలుపెట్టాల్సింది యార్డులో కాదు, నారు పోసే జూన్‌లో. అడ్తిదారు కంటే ముందు బ్యాంకు కౌలు రైతు దగ్గరికి రావాలి. తాకట్టు అప్పు మండల కేంద్రంలోనే, సరుకు దింపిన రోజే చేతికందాలి. మిర్చి కాయ ఏరుడు జనవరిలో ఊపందుకుంటుంది, అప్పుల గడువులు మార్చిలో మీద పడతాయి. యార్డుకు సరుకు పోటెత్తి ధర పడిపోయేదీ ఆ నెలల్లోనే. గడువును వానాకాలం దాకా జరిపితే బ్యాంకుకు నష్టమేమీ లేదు. టేకుమట్లలో నాలుగెకరాల మిర్చి వేసిన ఇంటికి మాత్రం ఫిబ్రవరిలో బస్తాలు బండికెత్తించాలా, గోదాములో ఉంచాలా అని కూర్చుని మాట్లాడుకునే వీలు దొరుకుతుంది.