సూది పట్టిన చెయ్యి

గుడ్డబొమ్మంటే పిల్లల ఆటవస్తువని మనకో అలవాటు. అమెరికా నల్లజాతి కళాకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ (1930-2024) బొమ్మల ముందు ఆ అలవాటు నిలవదు. 1976లో అమెరికా తన స్వాతంత్ర్యానికి రెండొందల ఏళ్ళ పండగ చేసుకుంటుంటే ఆమె గుడ్డతో ఒక చావిల్లు కట్టింది. మత్తుమందుకు బలైన బూబా, ఆ దుఃఖంతో పోయిన అతని భార్య బీనా అందులో శవాలు. చుట్టూ ఇంటివాళ్ళు. దేశం బాజాలు మోగిస్తుంటే ఈ శవాలు ఎవరివని ఆమె అడిగింది. ఇది మేం ఎరిగిన ప్రశ్నే.

ఆ ఇద్దరూ చివరికి లేచి కూర్చుంటారు. ఆశ ఉండాల్సిందే. కానీ ఆ లేవడం కన్నా ఆ ఏడుపే మమ్మల్ని ఎక్కువ నమ్మించింది.

1973లో చేసిన ముసుగుల్లో రంగులద్దిన నారగుడ్డ ముఖమైంది, పీచు జుట్టైంది, పూసలు అలంకారమయ్యాయి. కింద కుట్టిన దుస్తులు. వాటిని మనుషులు తొడుక్కోవచ్చు. నోళ్ళు తెరిచే ఉంటాయి. మాట్లాడనివ్వని ఆడవాళ్ళకి ఆమె ముందు నోరు కుట్టింది!

ఆ దుస్తులు కుట్టింది ఆమె తల్లి విల్లీ పోసీ, హార్లెమ్‌లో పేరున్న దుస్తుల రూపకర్త. 1972లో ఆమ్‌స్టర్‌డామ్ మ్యూజియంలో టిబెటన్ తంకాలు చూసి వచ్చాక, కూతురి బొమ్మలకు గుడ్డ అంచులు కుట్టిందీ ఆమే. 1980లో తల్లీకూతుళ్ళు కలిసి ‘ఎకోస్ ఆఫ్ హార్లెమ్’ బొంత చేశారు. మరుసటేడే తల్లి పోయింది. కుంచెది కళ, సూదిది చేతిపని అని గీత గీసింది ఎవరు? రెండూ ఒకే బొమ్మలో కలిశాక ఆ గీత ఎక్కడుంది?

తల్లి పేరు ఈ కూతురు దాచలేదు. మరి మేమో? సాహిత్యంలో మా జాడ లేదని గొంతు చించుకుంటున్నాం. న్యాయమే. కానీ పాత చీరల్ని పొరలు పేర్చి మా అమ్మీలు కుట్టిన బొంతల్ని ఏనాడైనా మా చరిత్రగా చదివామా? ఆ బొంతల్లోకి దూది ఏకిచ్చిన దూదేకుల చేతుల్ని మాలోనే ఎంతమంది చిన్నచూపు చూశారు?

మమ్మల్ని పక్కకు నెట్టినవాళ్ళని నిలదీస్తూనే, మేం పక్కకు నెట్టినవాళ్ళనీ లెక్కపెట్టుకోవాలి. రింగ్‌గోల్డ్ బొమ్మలు మాకు పెట్టిన పరీక్ష ఇది.