ఓమ్ నియమము - పికప్ బండి

జార్జి ఓమ్ 1827లో ప్రకటించిన నియమమును మన విద్యార్థులు కంఠస్థము చేయుదురు, లెక్కలును కట్టుదురు. కాని ఆ లెక్కలలో నిరోధము తీగచుట్టలోనే ఉండును, అతుకులలో ఉండదు. ఈ లోపము చిన్నది కాదు.

చంద్రగిరి నుండి సరకుతో భాకరాపేట ఘాటు ఎక్కు పికప్ బండిని తీసికొందము. ఒకప్పుడు ఇంజను బలము తగ్గి, దీపములు మసకబారును. ఆపిన తరువాత స్టార్టరు తిరుగదు. మరునాడు అంతయు సవ్యమే. వెంటనే బ్యాటరీని, పిమ్మట ఆల్టర్నేటరును మార్చుదురు. ఇది పరీక్ష కాదు, ఊహ. దాని వెల చెల్లించువాడు బండి యజమాని.

నిలిచియున్న బండిలో మీటరు 12.6 వోల్టులు చూపినంత మాత్రమున వలయము బాగున్నదనరాదు. ఎర్త్ వైరు అతుకు తుప్పుపట్టి 0.01 ఓమ్ నిరోధము ఏర్పడినదనుకొనుడు. 10 ఆంపియర్లకు అక్కడ పోవునది 0.1 వోల్టు, స్టార్టరు 200 ఆంపియర్లు లాగినచో 2 వోల్టులు! అతుకు వదులైనచో కుదుపులకు ఈ నిరోధము పెరుగుచు తగ్గుచుండును. ఇంధనమును నియంత్రించు ఎలక్ట్రానిక్ పేటికకును సరియైన వోల్టేజి కావలెను గనుక, అతుకులోని దోషము ఇంజను బలహీనతగా కనబడవచ్చును.

మీటరు ఒక కొనను బ్యాటరీ ఋణధ్రువమునకు, రెండవదానిని ఇంజను లోహమునకు తాకించి స్టార్టరు త్రిప్పించవలెను. అర వోల్టు మించినచో దోషమా మార్గముననే కలదు. లేనిచో ధనధ్రువపు తీగలను, డీజిలు ఫిల్టరును పరీక్షింపవలెను.

తరగతిలో దీనికి టార్చి సెల్లు, బల్బు, స్విచ్చి, తుప్పుపట్టిన మేకు చాలును. స్విచ్చి వేయకమునుపు, వేసిన పిదప మేకు అతుకు వద్ద వోల్టేజిని విద్యార్థులచే కొలిపింపుడు. పాఠము చెప్పనిది మీటరు చెప్పును.