రాగి అచ్చులో పోసిన బిళ్ళ

తరతరాలుగా మన తెలుగువాళ్లు స్థిరపడ్డ బెంగాల్ రైల్వే ఊరు ఖరగ్‌పూర్. అక్కడి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ అనగానే టాటా హిటాచీ ఎక్స్‌కవేటర్లు గుర్తొస్తాయి. చూపు ఆ భారీ యంత్రాల మీదికే పోతుంది గానీ, నన్నడిగితే అదే ఊళ్లో గోకుల్‌పూర్ వైపు టాటా మెటాలిక్స్ పోసిన డక్టైల్ ఐరన్ నీటి పైపుల వెనకున్న పనే ఎక్కువ సున్నితం.

మామూలు పోత ఇనుములో గ్రాఫైట్ రేకులుగా ఉంటుంది, దెబ్బ తగిలితే ఆ రేకుల వెంటే పగులుతుంది. మెగ్నీషియం కలిపితే అదే గ్రాఫైట్ గుండ్రటి గుళికలవుతుంది, అదే డక్టైల్ ఐరన్. చివరికి మిగలాల్సిన మెగ్నీషియం 0.03 నుంచి 0.05 శాతం. ఆ కాస్తా ఉందో లేదో చెప్పేది పరమాణువులోని ఎలక్ట్రాన్లే.

ఇలాంటి ఫౌండ్రీల్లో ఎక్కడైనా పరీక్ష కోసం కరిగిన ఇనుమును కాస్త గరిటెతో తీసి రాగి అచ్చులో పోస్తారు. రాగి వేడిని లాగేయడంతో బిళ్ళ చప్పున గడ్డకట్టి తెల్ల ఇనుమవుతుంది. నిదానంగా చల్లారనిస్తే గ్రాఫైట్ విడిపోయి కార్బన్ లెక్క తప్పుతుంది. తర్వాత ముఖం సమంగా అరగదీయాలి. అరగదీసిన చోట వేలు తగిలిందా, పని మళ్లీ మొదటికే!

బిళ్ళను స్పెక్ట్రోమీటర్ మీద బోర్లించి, ఆర్గాన్‌లో స్పార్క్ కొడతారు. ఆవిరైన పరమాణువుల్లో ఎలక్ట్రాన్లు పై స్థాయికి ఎగిరి, దిగుతూ వెలుగు విడుస్తాయి. స్థాయిల మధ్య ఎడం ఏ మూలకానిది దానిదే, అందుకే ఆ వెలుగును విడదీస్తే కనిపించే గీతల తరంగదైర్ఘ్యాలూ దానివే. కార్బన్ గీత 193.1 నానోమీటర్లు, గంధకానిది 180.7, గాలి ఉంటే గంధకపు గీతను మింగేస్తుంది. మెగ్నీషియం 279.6 గీత ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అయానుది. ఎంత వేడికి ఎన్ని పరమాణువులు అలా ఎలక్ట్రాన్ వదులుకుంటాయో 1920లో లెక్క కట్టిన మేఘనాద్ సాహా ఈ బెంగాల్‌లో పనిచేసినవాడే. ఆయన ఆలోచించింది సూర్యుడి గురించి!

అనుభవమున్న కెమిస్టు అంకె కంటే ముందు స్పార్క్ మచ్చ చూస్తాడు. నడుమ కరిగిన గుంట, చుట్టూ నల్లటి అంచు ఉంటే సరే. తెల్లగా చెదిరినట్టుంటే ఆర్గాన్ శుభ్రంగా లేదన్నమాట, ఆ రీడింగ్ పక్కన పెట్టాల్సిందే. తీరికగా మరోటి తీసే వీలూ లేదు. మెగ్నీషియం 1090 డిగ్రీలకే మరుగుతుంది, ఇనుము అప్పటికి 1300 పైనే. కరిగిన ఇనుము ఉన్న పెద్ద పాత్ర, అంటే లాడిల్‌లో మెగ్నీషియం నిమిషనిమిషానికీ తరిగిపోతుంటుంది.