బోవే కెథీడ్రల్ – ఎత్తుపై మోపిన నింద

ఫ్రాన్సుదేశమున పారిసు నగరమునకు ఉత్తరముగా బోవే యను పట్టణము కలదు. అందలి సెయింట్ పీటర్ కెథీడ్రల్‌ను గూర్చి వ్రాసినవారిలో పెక్కురు దానిని గర్వభంగమునకు దృష్టాంతముగా చూపుదురు. శిల్పులు మేరమీరిన యెత్తునకు పోయిరనియు, అందుచేతనే కట్టడము కూలినదనియు వారి తీర్పు. కథ వినుటకు ఇంపుగనే యున్నది. కాని కట్టడమే దానికి ఎదురుసాక్ష్యము చెప్పుచున్నది.

గోథిక్ నిర్మాణ మర్మము కొంత తెలిసిననే గాని యీ వివాదము బోధపడదు. మన ప్రాచీన దేవాలయ మండపములయందు స్తంభములపై రాతిదూలములు పరచుటచే బరువు తిన్నగా క్రిందికి దిగును. కమాను అట్టిది కాదు. బరువును మోయుచునే ప్రక్కలకు త్రోయును. గోథిక్ శిల్పులు కొనదేరిన కమానులను, రాతియీనెలపై నిలిచిన లోకప్పును గైకొని, ఆ త్రోపును గోడలపై పడనీయక, అర్ధకమానుల ద్వారా వెలుపలి ఆనుకంబములకు అప్పగించిరి. ఈ అర్ధకమానులనే ఫ్లయింగ్ బట్రెసులందురు. గోడకు భారము తగ్గినది. ఆ చోట రంగుటద్దముల కిటికీలు వెలసినవి.

బోవేలో 1225లో పని ఆరంభమయ్యెను. బలిపీఠముండు తూర్పుభాగము, అనగా క్వైర్, 1272 నాటికి పూర్తియైనది. దాని లోకప్పు నేలనుండి సుమారు 48 మీటర్లు. పేరుగన్న ఆమియా కెథీడ్రల్ కప్పు 42 మీటర్లకు కొంచెము మించును, అంతే. గోథిక్ దేవాలయములలో ఇంత యెత్తైన లోకప్పు మరియొకటి లేదు. పండ్రెండేండ్లకే, 1284 నవంబరులో, అందు కొంతభాగము కూలినది.

కూలినవి క్వైర్‌లోని తిన్నని అంకణములు. తూర్పుకొనయందలి అర్ధవృత్తభాగము నిలిచినది. దాని యెత్తును అంతయే! దోషము ఎత్తునందే యున్నచో అదియు పడవలసినదే గదా. భేదమెందున్నది? అర్ధవృత్తమున స్తంభములు దగ్గరదగ్గరగా నున్నవి. తిన్నని అంకణములందు ఎడమెడముగా నుండెను. కూలుటకు కారణమేమన్న విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు. 19వ శతాబ్దిలో వియొలే ల ద్యూక్ సన్నని జంటకంబములు విరిగినవని యూహించెను. 20వ శతాబ్దిలో రాబర్ట్ మార్క్ నమూనాలపై పరీక్షించి, గాలితాకిడికి నడిమి ఆనుకంబములు పగిలియుండునని వాదించెను. వీరిరువురి మాటకంటె తిరిగి కట్టిన శిల్పుల చేతయే విలువైన సాక్ష్యము. వారు కప్పును దింపలేదు. ప్రతి రెండు స్తంభముల నడుమ మరియొక స్తంభమును చొప్పించి, ఒక్కొక్క అంకణపు కప్పును నాలుగు భాగములకు మారుగా ఆరు భాగములు చేసిరి. అనగా వారు తప్పును ఎడమునందు గుర్తించిరి గాని యెత్తునందు కాదు.

ఈ దిద్దుబాటు వలన అందమునకు కలిగిన నష్టము చిన్నది కాదు. విశాలమైన కమానులగుండా ప్రక్కనడవలలోనికి పారవలసిన చూపు, నేడు కిక్కిరిసిన కంబముల నడుమ ఆగిపోవును. మొదటి శిల్పి భావించిన విశాలత మరల రాలేదు. కాని చూపునకు పైకి తప్ప వేరుదారి లేకుండుటచే, ఆ యెత్తు మునుపటికంటె తీవ్రముగా తోచుననుటయు నిజము.

గర్వమను మాట వాడితీరవలెనన్నచో 16వ శతాబ్దమునకు వాడవలెను. 1500లో మార్టిన్ షాంబీజ్ అడ్డుబాహువుల నిర్మాణము మొదలిడెను. శతాబ్ది నడుమకు అవి ముగిసినవి. ఇక కావలసినది భక్తులు నిలుచు పడమటి మండపము. దానిని విడిచి, బాహువులు కలియుచోట గోపురమెత్తుటకు నిశ్చయించిరి. 1569లో అది 153 మీటర్లకు చేరినది. దానిని మోయు నాలుగు కంబములకు తూర్పున క్వైర్, ఉత్తరదక్షిణములందు బాహువులు దన్నుగా నుండెను. పడమట దన్ను లేదు. 1573 ఏప్రిల్ 30న, క్రీస్తు ఆరోహణ పండుగనాడు, భక్తులు ఊరేగింపుగా వెడలిన పిమ్మట గోపురము కూలినది. ఇది శిల్పుల విద్యలోని లోపము కాదు, పనుల వరుసను నిర్ణయించినవారి లోపము. ఈ రెండు పతనములను ఒకే గాటకట్టుట విమర్శకులు చేసిన పెద్ద పొరపాటు.

1940 జూన్‌లో బాంబుల వలన చుట్టునున్న పట్టణము చాలవరకు నాశమైనను కెథీడ్రల్ నిలిచినది. 1960 దశకమున ఆనుకమానులను కలుపు ఇనుపకడ్డీలను తొలగింపగా, గాలికి కట్టడము కదలుట చూచి మరల బిగింపవలసివచ్చెను. పడమటి మండపము నేటికిని లేదు. ఆ వైపు గోడతో మూయబడినది. మండపము పెరిగినకొలది పడగొట్టుటకు ఉద్దేశించిన 10వ శతాబ్దపు చిన్న దేవాలయము, మండపము రాకపోవుటచే, ఆ గోడకు వెలుపల ఇప్పటికిని నిలిచియున్నది.