తొమ్మిది మిల్లీమీటర్ల నౌపడా లైను

ఆరడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న చెక్కబల్ల. దాని మీద మట్టి ప్లాట్‌ఫారం, పెంకుటి స్టేషను, రెండు దారుల పట్టాలు, వెనక పొలంగట్టున తాటిచెట్లు. బండి లేదు. రైలు బొమ్మల కళలో నన్ను కట్టిపడేసే ఘట్టం ఇదే. చూడవచ్చినవాళ్లు ముందు ఇంజనెక్కడని వెతుకుతారు. నేనైతే వాళ్లను ఒక నిమిషం ఆ ఖాళీ పట్టాల దగ్గరే ఆపుతాను.

అలంకారశాస్త్రం నాయికలను ఎనిమిది విధాలుగా చెప్పింది. ఇల్లూ ఒళ్లూ సింగారించుకుని ప్రియుడి రాకకు సిద్ధంగా ఉండేది వాసకసజ్జిక. వస్తానన్న వేళ దాటిపోతే బెంగపెట్టుకునేది విరహోత్కంఠిత. పల్లెటూరి బ్రాంచి లైను స్టేషను పొద్దున్న మొదటి నాయిక, బండి ఆలస్యమైన రోజున రెండోది. మెయిను లైను స్టేషనుకు ఈ యోగం లేదు. అక్కడ ఒక బండి తోక కనుమరుగు కాకముందే మరో బండి కూత వినపడుతుంది, ఎదురుచూపుకు సందే దొరకదు. బల్లంతా పట్టాలు పరిచి, నాలుగు రైళ్లు ఒకేసారి తిప్పేవాళ్ల నేర్పు గొప్పదే. కానీ అందులో విభావాలు ఎక్కువైపోయి రసం నిలవదు.

ఈ బల్లకు నేను ఎంచుకున్నది మన శ్రీకాకుళం సీమ లైను. నౌపడా నుంచి పర్లాకిమిడికి పాతిక మైళ్లు, రెండున్నర అడుగుల గేజి. పర్లాకిమిడి రాజావారు సొంత సొమ్ముతో వేయిస్తే 1900లో బండి నడిచింది. 1931 నాటికి గుణుపురం చేరింది. గిడుగు రామమూర్తి పంతులుగారు బడిపంతులుగా పనిచేసిన ఊరు పర్లాకిమిడి. 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసింది, మహేంద్రతనయ ఇవతలి ఒడ్డున పాతపట్నం మనవైపు ఉండిపోయింది. పంతులుగారు ఊరు వదిలి వచ్చేశారు. చిన్న రైలు మాత్రం ఆ తర్వాత కూడా రెండు రాష్ట్రాల మధ్య తన పద్ధతిలో తాను తిరుగుతూనే ఉంది. 2004లో చిన్న గేజి ఆపేశారు, 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద గేజి పడింది.

ఈ లైనును చిన్నది చేయడంలో ఒక లెక్క ఉంది, తలుచుకున్నప్పుడల్లా ముచ్చటేస్తుంది. రెండున్నర అడుగులంటే 762 మిల్లీమీటర్లు. నేను ఎంచుకున్న 87వ వంతుకు కుదిస్తే దాదాపు 8.8. బజారులో దొరికే ఎన్ గేజి పట్టా వెడల్పు 9. యూరపు పెద్ద రైలును 160వ వంతు చేసినప్పుడు వచ్చే పట్టా అది. అంటే ఎవరిదో ఎక్స్‌ప్రెస్ బండి కోసం పోసిన చక్రాలూ మోటారూ మన నౌపడా బండి కింద సరిగ్గా ఇమిడిపోతాయి. పట్టా కుదిరినా స్లీపర్లు కుదరవు. ఎన్ గేజిలో అవి మరీ పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. చిన్న లైనుకు పొడవాటి స్లీపర్లు కావాలి, ఎడంగా పడాలి, వరస కొద్దిగా చెదరాలి. బొమ్మ పట్టాలు చేసే పెకో కంపెనీ వాళ్లు ఇలాంటి పట్టా విడిగా అమ్ముతారు. పక్కపక్కన పెట్టి చూస్తే, స్లీపర్ల నడుమ ఖాళీ పెరగగానే బండి వేగం తగ్గినట్టు అనిపిస్తుంది. కదలని వస్తువు కదలిక గురించి ఇంత చెప్పగలగడం వింతే.

పెద్ద లైను కలిసే నౌపడా జంక్షనునే ఎందుకు కట్టలేదని అడుగుతారు. మన బ్రాడ్‌గేజిని 87వ వంతు చేస్తే 19.3 మిల్లీమీటర్లు రావాలి. దొరికేది 16.5, అది యూరపు కొలత. దాని మీద మన పెద్ద బండిని నిలబెడితే బక్కకాళ్ల మనిషిలా ఉంటుంది. అదీకాక అసలు దూరమే పెట్టాలంటే నౌపడా నుంచి పర్లాకిమిడికి నాలుగు వందల అరవై మీటర్ల బల్ల కావాలి. నా ఆరడుగులు నేల మీద 160 మీటర్లే. కాబట్టి ఆ దారిలో టెక్కలికీ పాతపట్నానికీ నడుమ, ఏ ఒక్క స్టేషనుకూ నకలు కాని స్టేషనొకటి.

నకలా, ఊహా అన్నదాని మీద పాత తగువొకటి ఉంది. ఇంగ్లండులో లాంగ్ విట్టెన్‌హామ్ అనే పల్లెలో పెండన్ మ్యూజియం ఉంది. 1925లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన రాయ్ ఇంగ్లండ్, అక్కడి గడ్డికప్పుల ఇళ్లు ఒక్కొక్కటే పోతుంటే చూడలేక, కొలతలు తీసుకుని 76వ వంతులో వాటిని కట్టడం మొదలుపెట్టాడు. పెరటిలో కూరపాదులతో సహా అక్కడ అంతా సాక్ష్యమే. అదే మ్యూజియంలో జాన్ అహెర్న్ కట్టిన మ్యాడర్ వ్యాలీ కూడా ఉంది. ఆ లోయ ఏ పటంలోనూ లేదు, అంతా అతని ఊహ. రైలు చుట్టూ ఒక దేశాన్నే కట్టాలని తోటివాళ్లకు నేర్పిన తొలితరం మనిషతను. మొదటిది చూస్తే చేతులు జోడిస్తాం, రెండోది చూస్తే అందులోకి నడిచి వెళ్లాలనిపిస్తుంది. నా ఓటు అహెర్న్‌కే. అందుకే నౌపడా దగ్గర ఉండాల్సిన ఉప్పుమడి నా బల్ల మీద నాలుగు జానలు జరిగి వచ్చి ఎడమ మూలన కూర్చుంది.

ఆ మడిలో ఉప్పుకుప్పలకు ఉప్పు పనికిరాదు. తేమ లాగి నీరవుతుంది, పట్టాలకు తుప్పు పట్టిస్తుంది. పాలరాతి పొడి కావాలి. అదీ తెల్లగా ఉంటే అబద్ధంలా ఉంటుంది, చిటికెడు బూడిద కలిపాకే ఉప్పవుతుంది. మట్టి సంగతీ అంతే. ఊరి ఎర్రమట్టినే జల్లించి చల్లినా, జిగురు తాగి నల్లబడుతుంది. దూరం పెరిగేకొద్దీ రంగుల గాఢత తగ్గడం కంటికి అలవాటు. బల్ల మీది స్టేషనును మనం చూస్తున్నది, లెక్క ప్రకారం, యాభై అరవై మీటర్ల అవతల నుంచి. కాబట్టి ఎర్రమట్టి కొంచెం వెలవాలి, పెంకు కొంచెం పాలిపోవాలి. నిజాన్ని నిజంగానే పెడితే అతిశయోక్తి అవుతుంది, ఒక పాలు తగ్గిస్తే స్వభావోక్తి.

ఇక తాటిచెట్లు. ఈ బల్లకు ప్రాణం అవేనని నా పక్షపాతం. చాలామంది చెట్లను కుదించేస్తారు, బండి పెద్దదిగా కనపడాలని. అరవై అడుగుల తాటిని లెక్క తప్పకుండా నిలబెడితే 21 సెంటీమీటర్లు వస్తుంది. పక్కన ఇంజను ఎత్తు మూడున్నర సెంటీమీటర్లు. ఒక్కసారిగా ఆ బండి వినయం తెలుస్తుంది. శ్రీకాకుళం పొలాల్లో తాటిచెట్ల బారు ముందు రైలు అంతే కదా. వాటి వెనక మహేంద్రగిరి. దాని ఎత్తు సుమారు 1500 మీటర్లు, 87వ వంతయినా పదిహేడు మీటర్లకు పైనే, ఇంటి కప్పు చాలదు. అక్కడికి శిల్పం ఆగిపోయి చిత్రలేఖనం అందుకోవాలి. నీలంలో తెలుపు, ఇంకా తెలుపు, కొండ ఉందా మబ్బు పట్టిందా అన్నంత. గట్టు ఆగి, కొండ గీసిన గుడ్డ మొదలయ్యే గీత కనపడకుండా జీడిపొద ఒకటి నాటాలి.

కుడి చివర చింతతోపు. దాని చాటున, చూపరులకు కనపడని బల్లచెక్కను ఈ విద్యలో ఫిడిల్ యార్డ్ అంటారు. భాగవతులాటలో తెర వెనక వేషగాడు నిలుచున్నట్టు బండి అక్కడ ఉంటుంది. నౌపడా అదే, గుణుపురం కూడా అదే. తోపులోంచి ముందు చప్పుడు వస్తుంది, తర్వాత ఇంజను ముక్కు. గంటకు 20 కిలోమీటర్ల బండి ఈ కొలతలో సెకనుకు ఆరున్నర సెంటీమీటర్లు కదలాలి. అంటే బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు అర నిమిషం. చక్రాలకు మసి లేకుండా, పట్టాకు తుప్పు లేకుండా ఉంటేనే ఇంత నెమ్మదిగా, అదురు లేకుండా వస్తుంది. వేగంగా తిప్పడం ఎవరికైనా వచ్చు. ఈ మందగమనం కోసం ఎంత తుడవాలో తుడిచేవాళ్లకే తెలుసు. బండి ఆగుతుంది. మూడు పెట్టెలు, ఒక గూడ్సు డబ్బా. ఇంజను విడిపడి, పక్క దారిన వెనక్కి నడిచి, రెండో చివర తగులుకుంటుంది. ఆ రోజుకు జరిగే కథంతా ఇంతే.

మనుషుల దగ్గర నాకు పట్టుదల ఎక్కువ. పరుగెత్తేవాడు, చెయ్యి ఊపేవాడు వద్దు. బండి వెళ్లిపోయాక కూడా వాడు ఒంటికాలి మీదే ఉంటాడు, భ్రమ అక్కడే చెడుతుంది. పది నిమిషాలు కదలకుండా ఉండగల భంగిమలే కావాలి. జర్మనీ ప్రైజర్ బొమ్మలు పనితనంలో సాటిలేనివి. కానీ వాటికి కోట్లూ టోపీలూ, ఎక్కువమంది నిటారుగా నిలుచునే జాతి. మన ప్లాట్‌ఫారం మీద జనం గొంతుక్కూర్చుంటారు. 19 మిల్లీమీటర్ల మనిషిని తొడల దగ్గర బ్లేడుతో కోసి, మోకాళ్లు మడిచి అతికించి, టోపీ చెక్కేసి, జిగురులో తడిపిన పల్చటి కాగితంతో పంచె కట్టి, భుజాన తువ్వాలు వేస్తే పది మిల్లీమీటర్ల శ్రీకాకుళం పెద్దమనిషి తయారవుతాడు. మొత్తం బల్ల మీద ఒక్కటే ఉంచుకొమ్మంటే ఇంజనును కాదు, ఈయన్నే ఉంచుకుంటాను.