ఆటగాని నాడి – ఆటగాని మనస్సు

కంప్యూటరు ఆటలో మునిగియున్న బాలుని చూచినపుడు మనకొక సందేహము కలుగును: ఇతడు సంతోషించుచున్నాడా, భయపడుచున్నాడా? యంత్రములచేత దీనికి సమాధానము చెప్పించుటకు ఇరువది యేండ్లకు పైగా పరిశోధకులు పాటుపడుచున్నారు. వారి కృషి మెచ్చదగినది. కాని "యంత్రము మనస్సును చదివినది" అని చాటుట మాత్రము విమర్శింపదగియున్నది.

మనస్సు కలతపడినపుడు అరచేతిలో చెమట ఊరును. అప్పుడు చర్మము విద్యుత్తును సులభముగా ప్రసరింపనిచ్చును. ఫెరే అను ఫ్రెంచి వైద్యుడు 1888లోనే ఇట్టి మార్పును గమనించెను. నేడు వ్రేళ్లకు రెండు ఎలక్ట్రోడులు తగిలించి ఈ వాహకతను కొలుచుచున్నారు. కెనడాలో మాండ్రిక్, ఇంక్‌పెన్ అను పరిశోధకురాండ్రు 2004లో ప్రకటించిన ప్రయోగములో, కంప్యూటరుతో ఆడునప్పటికంటె స్నేహితునితో హాకీ ఆట ఆడునపుడు చర్మవాహకత హెచ్చుగా నుండెను. అమెరికాలోని వాల్వ్ సంస్థవారు, ఆటగాని ఉద్రేకమునుబట్టి ఆటనే మార్చు ప్రయోగమును 2011లో వివరించిరి.

ఇందలి లోపమేమి? వాహకత ఉద్రేకమెంతో చెప్పును. అది ఏ భావమో చెప్పదు. పాముకు బెదరినవానికిని, పందెము గెలిచినవానికిని గుండె వేగముగనే కొట్టుకొనును. థర్మామీటరు జ్వరమును చూపునే కాని అది మలేరియాయో టైఫాయిడో చెప్పజాలదు గదా! మరియు ఎండ 40 డిగ్రీలు దాటిన వేసవి మధ్యాహ్నమున మన జమ్మలమడుగులో ఈ పరీక్ష జరిపినచో, ఆ చెమటలో ఆటవలన కలిగినది యెంత, ఎండవలన కలిగినది యెంత?

చెమటను విడిచి కంఠధ్వనిని పరీక్షించినను చిక్కు తీరదు. దీనికి తెలుగు ఉదాహరణమే కలదు. 2009లో ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. పరిశోధకులు తెలుగు వాక్యములతో ఒక ధ్వనిభాండారమును ప్రకటించిరి. విజయవాడ ఆకాశవాణి కళాకారులు పదిమంది 15 వాక్యములను కోపము, కరుణ, భయము, వ్యంగ్యము మొదలగు ఎనిమిది రీతులలో, పది విడతలుగా పలికిరి. మొత్తము 12,000 ఉచ్చారణలు. ఇది విలువగల పని. ఇవి అభినయించిన భావములేయని కర్తలే పేరులో తెలిపిరి. కాని ఆటలో ఓడిన బాలుడు ఆకాశవాణి నటుడు కాడు. అతడు పండ్లు కొరికి ఊరకుండవచ్చును, నవ్వనూవచ్చును. అభినయమునుండి నేర్చిన యంత్రము ఆ మౌనమునకు ఏమి పేరు పెట్టును?

ఇష్టమును తెలిసికొనుటకు అడుగుటయే తగిన మార్గము. "ఈ ఆటకు పదింట ఎన్ని మార్కులు?" అన్నచో ఒక్కొక్కని కొలబద్ద ఒక్కొక్క విధముగా నుండును. "ఈ రెండింటిలో ఏది బాగున్నది?" అన్నచో సమాధానము సులభము. ఇట్టి జంటపోలికలకు థర్‌స్టన్ 1927లోనే గణితరూపమిచ్చెను. యన్నకాకిస్, హాలమ్ మున్నగువారు పిల్లల ఆటలపై ఈ పద్ధతినే అనుసరించి, వారి సమాధానములతో గుండె వేగమును పోల్చి చూచిరి. ఇచ్చట బాలుని మాటయే ప్రమాణము, యంత్రము దానికి తోడు మాత్రమే. ఈ క్రమమే నాకు సరియని తోచుచున్నది.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. ఉద్రేకమునే ఇష్టమని లెక్కించినచో, ఆట తయారుచేయువారు ఉద్రేకమును పెంచుటయే మేలనుకొందురు. అప్పుడు బాలుడు ఆట మానలేకపోవుట కూడ ఇష్టముగనే నమోదగును.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. విద్యార్థులను కూర్చుండబెట్టి రెండు ఆటలు ఐదేసి నిమిషములు ఆడింపుడు. సగముమందికి వరుస మార్చుడు. ప్రతి ఆట ముగియగానే అర నిమిషము నాడి లెక్కించి రెట్టింపు చేయుడు. ఆ అంకెను వారికి చెప్పకమునుపే, ఏ ఆట నచ్చినదో వ్రాయింపుడు. పిదప రెండు పట్టికలను ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. నాడి ఒక ఆటను చూపి, విద్యార్థి మరియొకదానిని కోరినచో, అది తప్పిన ప్రయోగమని కొట్టివేయకుడు. అసలు పాఠము అక్కడనే ఆరంభమగును.